రాత్రి గ్రిల్ తాళంచెవి ఎక్కడ పెడుతున్నారు?

మా విశాఖపట్నంలో కూర్మన్నపాలెం వైపు ఏ అపార్ట్‌మెంటుకి వెళ్ళినా ఫ్లాటుకి రెండు తలుపులు కనిపిస్తాయి. లోపల చెక్క తలుపు, బయట ఇనుప గ్రిల్. పడుకునే ముందు గ్రిల్‌కి లోపలినుంచి తాళం వేస్తారు. ఆ తాళంచెవి ఫ్రిజ్ మీదకో, బీరువాలోకో, ఇంటాయన దిండు కిందకో పోతుంది. బాల్కనీకి నిలువునా గ్రిల్, కిటికీలకి గ్రిల్, వంటింటి వెనక గిన్నెలు తోముకునే చోటుకీ గ్రిల్. దొంగల భయం ఉన్నమాట నిజమే, వాటిని పీకేయమని నేను చెప్పను. కానీ అర్ధరాత్రి కరెంటు పోయి హాలంతా పొగ కమ్మితే ఆ తాళంచెవి మీ ఇంట్లో ఎవరికి దొరుకుతుంది? మీ పదేళ్ళ పిల్లకి దొరుకుతుందా? మీ అత్తగారికి?

నేను ఉక్కు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇరుగుపొరుగులో ఎవరైనా "బాబాయిగారూ, ఒకసారి మా బోర్డు చూసిపెడతారా" అంటే టెస్టరు, స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని వెళ్తుంటాను. బోర్డు విప్పే ముందు గ్రిల్ తాళంచెవి ఎక్కడుంటుందని అడుగుతాను. కరెంటు చూడ్డానికి వచ్చినాయనకి తాళంచెవితో ఏం పని అని కొందరు వింతగా చూస్తారు. నా దృష్టిలో మొదటి పని అదే. వైరింగ్ ఎంత బాగున్నా, గ్యాస్ ఎంత జాగ్రత్తగా వాడినా, ఏదో ఒక రాత్రి పక్క ఫ్లాటులోనో కింద పార్కింగులోనో అంటుకోవచ్చు. అప్పుడు మనవాళ్ళందరూ ప్రాణాలతో మెట్లు దిగాలంటే ముందు ఆ తాళం తెరుచుకోవాలి.

ఇళ్ళలో జరిగే అగ్నిప్రమాదాల్లో చాలాసార్లు మంట తాకకముందే పొగ ప్రాణం తీస్తుంది. సోఫాలో ఫోము, సింథటిక్ కర్టెన్లు, ప్లాస్టిక్ కుర్చీలు, టీవీ, పరుపు, ఇవన్నీ కాలితే వచ్చేది కట్టెల పొయ్యి పొగ కాదు. నల్లగా, చిక్కగా, కళ్ళు తెరవనివ్వకుండా ఉంటుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. నిద్రపోతున్న మనిషి ముక్కు పొగని పసిగట్టి లేపుతుందని నమ్మడానికి లేదు, ఆ విషవాయువు నిద్రలోనే ఇంకా మత్తులోకి తోసేస్తుంది. అందుకే పడకగదుల బయట సీలింగ్‌కి బ్యాటరీతో పనిచేసే స్మోక్ అలారం ఒకటి పెట్టుకోమంటాను. వంటింట్లో వద్దు, పోపు వేసిన ప్రతిసారీ కూస్తే విసుగొచ్చి ఎవరో ఒకరు బ్యాటరీ తీసేస్తారు. పొగ పైనుంచి కిందికి నిండుతూ వస్తుంది. నేలకి దగ్గరగా కాస్త మంచి గాలి ఉంటుంది. కాబట్టి పరిగెత్తకూడదు, మోకాళ్ళ మీద పాకుతూ పోవాలి.

ఇక తాళంచెవి సంగతి. గ్రిల్ పక్కన లోపలి గోడకి ఒక కొక్కెం కొట్టించండి. బయటనుంచి చెయ్యి దూరిస్తే అందకూడదు, లోపల పాకుతూ వచ్చిన మనిషి చెయ్యి చాపితే అందాలి, ఇంట్లో చిన్నపిల్లకి కూడా అందే ఎత్తులో ఉండాలి. ఆ చెవిని ఇంకే గుత్తిలోనూ కలపకండి, పాలకని బయటికెళ్ళేవాళ్ళు దాన్ని జేబులో వేసుకుపోకూడదు. డూప్లికేట్ పడకగదిలో టార్చితో పాటు ఉంచండి. ఇంకా మంచిపని, తాళం కప్ప మానేసి లోపలినుంచి చెవి లేకుండా తిప్పితే తెరుచుకునే లాక్ వేయించడం. బాల్కనీ గ్రిల్‌లో కూడా మనిషి పట్టేంత చిన్న తలుపు ఒకటి వెల్డరు చేత పెట్టించండి. మెట్ల దారి మూసుకుపోతే ఫైరు సిబ్బంది నిచ్చెన వేసేది అక్కడికే. నిలువునా అతికేసిన గ్రిల్‌ని కోసి మనుషుల్ని తీయాలంటే విలువైన సమయం పోతుంది.

మా ఇంట్లో ఒక రాత్రి మెయిన్ ఆఫ్ చేసి అందరినీ మంచాల మీదనుంచి మెట్ల దాకా నడిపించాను. ప్లాంటులో ప్రతి షాపుకీ, అంటే విభాగానికీ, అసెంబ్లీ పాయింటు ఉంటుంది, సైరన్ కూస్తే ఎంత పనిలో ఉన్నా అక్కడికి చేరి తల లెక్క ఇవ్వాలి. అదే పద్ధతి ఇంటికీ తెచ్చాను. మా అసెంబ్లీ పాయింటు గేటు ఎదురుగా ఉన్న కానుగ చెట్టు. మా అమ్మకి ఎనభై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. చీకట్లో మంచం మీద కూర్చుని "నన్నేం చూస్తార్రా, ముందు పిల్లల్ని పట్టుకుని పొండి" అంది. పెద్దవాళ్ళు అలాగే అంటారు, మనం అలా చెయ్యలేం. చివరిగదిలో ఉండే ఆవిడ మంచాన్ని మర్నాడే వీధి తలుపుకి దగ్గరగా ఉన్న గదిలోకి మార్చాం. ఆవిడని పట్టుకోవలసింది నేనూ మా అబ్బాయీ. చిన్నదాన్ని ఎత్తుకోవలసింది కోడలు. పెద్ద మనవరాలి పని ఎదురు ఫ్లాటు తలుపు బాది చెట్టు దగ్గరికి వెళ్ళిపోవడం. మా ఆవిడకి గ్యాస్ రెగ్యులేటరు కట్టే బాధ్యత ఇచ్చాను, అదీ వంటింట్లో మంట లేకపోతేనే. బయటికొచ్చాక ఫోనుకోసమో బంగారంకోసమో ఎవరూ వెనక్కి వెళ్ళకూడదు. ఈ ఒక్కమాట మా ఇంట్లో పదేపదే చెప్తుంటాను.

ఇంట్లోంచి బయటపడ్డాక మెట్లు. మన ఊళ్ళో చాలా అపార్ట్‌మెంట్లలో అందరి కరెంటు మీటర్లూ కింద పార్కింగులో, మెట్ల పక్కనే వరసగా బిగించి ఉంటాయి. వాటికిందే పాత పరుపులు, అట్టపెట్టెలు, ఎవరిదో విరిగిన మంచం, వాటికి ఆనించి బైకులు. అక్కడ అంటుకుంటే పొగకి మెట్లగది పొగగొట్టంలా పనిచేస్తుంది, నేరుగా పై అంతస్తులకి ఎక్కేస్తుంది. అందుకే తలుపు తీసే ముందు అరచెయ్యి వెనకవైపు తలుపుకి ఆనించి చూడాలి. వేడిగా ఉన్నా, సందుల్లోంచి పొగ వస్తున్నా తెరవకూడదు. తడి తువ్వాలు తలుపు కింద కుక్కి, మధ్యగది తలుపులు కూడా మూసుకుంటూ బాల్కనీలోకి వెళ్ళి అక్కడినుంచి ఫోన్ చెయ్యాలి, కేకలు వెయ్యాలి. లిఫ్టు జోలికి పోకూడదు. కరెంటు పోతే అందులోనే ఇరుక్కుంటారు.

2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడింది అందరికీ గుర్తుండే ఉంటుంది. ఒకదానికొకటి ఆనించి కట్టిన బోట్లు, వాటిలో డీజిలు, వంటకి పెట్టుకున్న గ్యాస్ బండలు. ఒకటి అంటుకుంటే పక్కదానికి పాకుతూ పోయి పదుల బోట్లు, వాటిమీద బతికే కుటుంబాల జీవనం బూడిదైంది. మా పార్కింగులో హ్యాండిలుకి హ్యాండిలు తగిలేలా పెట్టిన బైకుల్ని చూస్తే నాకు ఆ బోట్లే గుర్తొస్తాయి. ప్రతి బండిలోనూ పెట్రోలే కదా.

అసోసియేషన్ మీటింగులో పోట్లాడి మరీ మీటర్ల చుట్టూ ఖాళీ చేయించాను. టెర్రస్ తలుపుకి కూడా తాళం ఉండకూడదంటే మాత్రం మా వాచ్‌మన్ ఒప్పుకోలేదు. "ఏటి బాబూ, తాళం తీసీమంటారు, పైన నీళ్ళ ట్యాంకు కాడ పిల్లగుంటలు ఆడుకుంటే పూచీ ఎవులది?" అన్నాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది. చివరికి గడియ ఎత్తుగా వేయించాం. పెద్దవాళ్ళు తీయగలరు, పిల్లలకి అందదు, తాళం లేదు.

నా సొంత పని, అంటే కరెంటు గురించి చెప్పకపోతే ఎలా. సముద్రం పక్కన బతుకుతున్నాం, గాలిలోనే ఉప్పుంది. లోపల ఊళ్ళలో ఏళ్ళతరబడి నిలిచే స్విచ్చులు, సాకెట్లు ఇక్కడ తొందరగా పాడవుతాయి. రాగి తీగకి పచ్చగా చిలుము పడుతుంది, స్క్రూలు తుప్పు పడతాయి, పట్టు వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి పట్టు ఇంకా వదులవుతుంది. చాలామంది "ఎమ్‌సీబీ ఉందిగా, అదే పడిపోతుంది" అనుకుంటారు. ఎమ్‌సీబీ అంటే దానంతటదే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చు, అది పడేది కరెంటు మోతాదు మించినప్పుడు, లేదా షార్ట్ అయినప్పుడు. లూజ్ కాంటాక్ట్ దగ్గర కరెంటు మోతాదులోనే ఉంటుంది, చోటు మాత్రం కాలిపోతుంటుంది. ఎమ్‌సీబీకి ఆ సంగతి తెలియదు.

పెదగంట్యాడ వైపు తెలిసినవాళ్ళ ఇంట్లో ఈమధ్య ఏసీ సాకెట్ విప్పాను. ఆ అమ్మాయి "బాబాయిగారూ, ఏసీ వేస్తే ఏదో కమురు వాసన" అని ఫోన్ చేసింది. సాకెట్ కర్టెన్ వెనక ఉంది. పైకి చూస్తే కుడివైపు రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ, అంతే. మెయిన్ కట్టి ప్లేటు తీస్తే ఆ వైపు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు రెండంగుళాల మేర నల్లబడి గట్టిపడిపోయి ఉంది, వేలితో నొక్కితే పెళపెళ విరిగి రాలింది. లోపల రాగి మెరుపు పోయి నల్లగా మాడింది. స్క్రూ మీద డ్రైవర్ పెడితే ఒక చుట్టు అవలీలగా తిరిగింది. వెనక ప్లాస్టిక్ పెట్టె కరిగి ఒక పక్కకి వాలింది. ఆ పెట్టెకి జానెడు దూరంలో పాలియెస్టర్ కర్టెన్, దాని కింద పసిపిల్ల ఉయ్యాల. కాలిన ముక్క కత్తిరించి, మంచి తీగ దాకా వెళ్ళి, కొత్త సాకెట్‌లో బిగించి, కర్టెన్ అక్కడినుంచి తీయించాను. ఏసీ గంటసేపు నడిచాక ప్లగ్గు మీద చెయ్యి వేసి చూపించాను. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేసి పని తెలిసినవాణ్ణి పిలవాలి. మీ ఇంట్లో ఏసీ, గీజరు, ఇస్త్రీపెట్టె, వాషింగ్ మెషీన్ ప్లగ్గులు ఇలా చూసుకోడానికి పనిముట్లేవీ అక్కర్లేదు. మచ్చ, కమురు వాసన, జివ్వుమనే చప్పుడు, స్విచ్చు వేయగానే లైటు మిణుకుమనడం, వీటిలో ఏది కనిపించినా రేపటికి వాయిదా వెయ్యొద్దు.

ఇంకొక పాడు అలవాటు ఉంది. ఎమ్‌సీబీ మాటిమాటికీ పడిపోతోందని ఫిర్యాదు చేస్తే కొందరు 16 ఆంపియర్లది తీసి 32 వేసి వెళ్ళిపోతారు. గోడలో ఉన్నది టూ పాయింట్ ఫైవ్ (2.5 చదరపు మిల్లీమీటర్ల) వైరు. 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ పడేలోపు ఆ వైరు కాలుతుంది. ఎమ్‌సీబీ ఉన్నది వైరుని కాపాడ్డానికి, కాబట్టి వైరుకి తగ్గదే ఉండాలి. అలాగే వానాకాలంలో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) పడిపోతోందని దాన్ని తప్పించి డైరెక్ట్ కలిపేస్తారు. దయచేసి ఎవరినీ అలా చెయ్యనివ్వకండి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే అది పడుతుందంటే మనిషిని బతికించడానికే. దానిమీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి, పడకపోతే మార్చేయండి. గీజరు, ఏసీ, ఇండక్షన్ స్టవ్ ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకూడదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అగరబత్తి స్టాండుల్లో, గ్లాసుల్లో, ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కొవ్వొత్తులు పెట్టుకుని నిద్రపోయిన ఇళ్ళు ఎన్నో. మనకి తుపాను కాలం ఏటా వస్తుంది, దానికి కొవ్వొత్తి బదులు ఛార్జింగ్ లైట్లు ఉంచుకోండి. కరెంటు పోగానే ఇస్త్రీపెట్టె, గీజరు, ఏసీ స్విచ్చులు కట్టేయండి. మీరు ఊరెళ్ళాక కరెంటు తిరిగొస్తే ఆన్‌లో ఉన్న ఇస్త్రీపెట్టె ఒక్కటి చాలు.

గ్యాస్ గురించి అందరికీ తెలుసనుకుంటాం, కానీ వాసన వచ్చిన క్షణంలో చేతులు స్విచ్చు మీదకే పోతాయి. లైటు వెయ్యకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అసలే వద్దు. స్విచ్చు ఎటు నొక్కినా నిప్పురవ్వ పుడుతుంది. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేలమీద పాకుతూ ఫ్రిజ్ కిందకి, హాలులోకి పోతుంది. గాలిలో రెండు శాతం కలిస్తే అంటుకోడానికి సరిపోతుంది. 1997 సెప్టెంబర్ 14న మన ఊరి రిఫైనరీలో లీకైన గ్యాస్ మేఘంలా పరుచుకుని అంటుకుంది, ఎంతమంది పోయారో ఆ వైపు పాతవాళ్ళని అడిగితే ఇప్పటికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. రెగ్యులేటరు కట్టి, తలుపులూ కిటికీలూ బార్లా తీసి, బండకి టోపీ పెట్టి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. బండ వచ్చినప్పుడు హ్యాండిలు కింద పట్టీల లోపలివైపు ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి చూడండి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే జూన్ దాకా, సీ సెప్టెంబర్, డీ డిసెంబర్, అంకె సంవత్సరం. బండని మళ్ళీ పరీక్షించాల్సిన గడువు అది, దాటిన బండని తిప్పి పంపేయండి. స్టవ్ ట్యూబు ఐదేళ్ళకోసారి మార్చాలి, నారింజరంగు సురక్షా ట్యూబే వాడాలి. లీకుందేమోనని అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, సబ్బునురగ రాసి చూడండి చాలు.

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోస్తే నూనె మంటతో సహా ఎగిరి మీద పడుతుంది. మూకుడిని పట్టుకుని బయటికి పరిగెత్తకూడదు. స్టవ్ కట్టి, పెద్ద స్టీలు మూత పక్కనుంచి జరుపుతూ మూసేసి, చల్లారేదాకా తెరవకూడదు. మా ఆవిడ గారెలు వండే రోజు మొదట మూత తెచ్చి పక్కన పెట్టాకే నూనె పోస్తుంది.

అమ్మ కార్తీకమాసం నెల్లాళ్ళూ దీపాలు పెడుతుంది. వద్దని నేను అనను, ఆవిడకి అది ప్రాణం. దీపాల కింద ఇసుక పోసిన ఇత్తడి పళ్ళెం పెట్టాం, పూజగది కర్టెన్ తీసేశాం. దీపం కొండెక్కేదాకా ఇంట్లో ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి, ఇదొక్కటే షరతు. దోమల చుట్ట కూడా దుప్పటి అంచుకి దగ్గరగా పెట్టకండి.

ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు ఇంట్లోకి తెచ్చి రాత్రంతా ఛార్జింగ్ పెడుతున్నారు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో అలా ఇంట్లో పెట్టిన బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయారు. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఇంట్లో ఉన్న సామాన్లతో ఆర్పడం అయ్యేపని కాదు. పగలు, మనుషులు మెలకువగా ఉన్నప్పుడు, కంపెనీ ఛార్జరుతోనే, వాకిలికి అడ్డం రాని చోట పెట్టుకోండి.

ఆర్పే సిలిండరు ఇంటికి ఒకటి ఉండాలి, రకరకాల మంటలకి పనికొచ్చే ఏబీసీ పౌడరు రకం, ఇంట్లో ఆడవాళ్ళు ఎత్తగలిగే బరువులో. స్టవ్ పక్కన తగిలించకండి, స్టవ్ దగ్గరే మంటొస్తే దాన్ని అందుకోలేరు. వంటింటి గుమ్మం బయట పెట్టండి. పిన్ను లాగి, మంట మొదట్లోకి గురిపెట్టి, మీట నొక్కి అటూ ఇటూ ఊపాలి. చిన్న సిలిండరు కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. వీపు ఎప్పుడూ గుమ్మం వైపే ఉండాలి, ఆరకపోతే వెంటనే వచ్చేయాలి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో ఏప్రిల్ 14నే బొంబాయి రేవులో పేలుడు సామగ్రి, పత్తి బేళ్ళు వేసుకొచ్చిన ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలినప్పుడు 66 మంది ఫైర్‌మెన్ ప్రాణాలు ఇచ్చారు. రేవు ఊరివాళ్ళం, ఆ త్యాగం మనకి మరింత తెలియాలి. ఆ వారంలో ఫైరు సిబ్బంది చేత మీ అపార్ట్‌మెంటులో డెమో పెట్టించమని అడగండి, సిలిండరు పిల్లల చేత, పనమ్మాయి చేత కూడా పట్టించండి.

ఒంటికి నిప్పంటుకుంటే పరిగెత్తకుండా నేలమీద పడి దొర్లాలి. కాలిన చోట కుళాయి నీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పడనివ్వాలి, వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. పేస్టు, సిరా, పసుపు, ఐస్ ఏవీ వద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి చెప్పాలి.

ఫైరింజనుకి 101, లేదా 112. టెన్షన్‌లో నోట అడ్రస్ రాదు, అందుకని మా తలుపు వెనక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాం: ఏరియా, వీధి, దగ్గరి గుడి పేరు, ఎన్నో అంతస్తు. ఏం కాలుతోందో, లోపల ఎంతమంది ఉన్నారో, నడవలేనివాళ్ళు ఉన్నారేమో చెప్పాలి. అవతలివాళ్ళు పెట్టేదాకా ఫోన్ పెట్టేయకూడదు. మా వీధి మొదట్లో రెండువైపులా కార్లు ఆపేస్తారు, ఫైరింజను తిరగదు. అందుకే ఫోన్ చేసిన వెంటనే ఒకరు మెయిన్ రోడ్డు మీదకి వెళ్ళి నిలబడి దారి చూపాలని, ఇంకొకరు ఆ కార్లవాళ్ళని లేపాలని అసోసియేషన్‌లో అనుకున్నాం. ఏ కారు ఎవరిదో, ఫోన్ నంబరేమిటో వాచ్‌మన్ గది గోడమీద ఇప్పుడు రాసి ఉంది.